విల్ తర్వాతా, విల్ ముందా? మోడల్ వర్బ్ పక్కన యాడ్‌వర్బ్ ఎక్కడ పెట్టాలి

"సార్, ఐ టుమారో డెఫినెట్లీ విల్ కమ్." నా సాయంత్రం బ్యాచ్‌లో అబ్బాయి ఒకడు నిన్న రాత్రి పంపిన మెసేజ్ ఇది. ఇందులో వాడికి తెలియని పదం ఒక్కటీ లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు, చెప్పదలచుకున్నది నాకు అర్థమైంది కూడా. అయినా చదువుతుంటే ఎక్కడో తట్టుకుంటుంది. ఎందుకంటే వాడు మనసులో "రేపు పక్కా వస్త సార్" అనుకున్నాడు, అనుకున్న వరసలోనే ఒక్కో పదాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి పేర్చాడు. హన్మకొండలో ఇంటిదగ్గరే స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతూ నేను గమనించింది ఏంటంటే, మన పిల్లలకు పదాలు కొదవ కాదు, డిగ్రీ అయిపోయిన వాళ్లకు ప్రాబబ్లీ, డెఫినెట్లీ, ఆల్వేస్ లాంటి యాడ్‌వర్బులు, అంటే ఎప్పుడు, ఎలా, ఎంత నమ్మకంగా అని చెప్పే మాటలు, అన్నీ తెలుసు, కానీ కెన్, విల్, షుడ్ లాంటి మోడల్ వర్బ్ ఉన్న వాక్యంలోకి వచ్చేసరికి వాటిని ఎక్కడ పెట్టాలో తేలక నోరు ఆగిపోతుంది. అక్కడ ఆగిపోతే టెన్షన్ మొదలవుతుంది, ఆ తర్వాత వచ్చినవి కూడా రావు. అందుకే ఈ ఒక్క విషయాన్ని వివరంగా రాస్తున్నాను.

ముందు మన భాష ఏం చేస్తుందో చూడండి. రాగలడు, రావచ్చు, రావాలి, రాకూడదు, రాలేడు. కెన్, మే, మస్ట్, షుడ్ నాట్, కాంట్ చేసే పని అంతా తెలుగులో క్రియ తోకకు అతుక్కుని ఉంటుంది. విడదీయడానికి లేదు. రా అనే మాటకూ వచ్చు అనే మాటకూ మధ్యలో "బహుశా" దూర్చమంటే ఎవరూ దూర్చలేరు. కాబట్టి బహుశా, తప్పకుండా, ఎప్పుడూ, ఇంకా లాంటివన్నీ క్రియకు ముందే వచ్చేస్తాయి, క్రియ వాక్యం చివర ఉంటుంది. ఇంగ్లిష్‌లో అలా కాదు. అక్కడ మోడల్ వేరే పదం, అసలు వర్బ్ వేరే పదం, ఆ రెండింటి మధ్య ఒక సీటు ఖాళీగా ఉంటుంది. మన కళ్లకు ఆ సీటు కనపడదు, ఎందుకంటే మన భాషలో అలాంటి సీటే లేదు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపినట్టు, యాడ్‌వర్బ్ కోసం ఆ సీటును మనం ముందే ఆపిపెట్టుకోవాలి.

మోడల్స్ తొమ్మిది: కెన్, కుడ్, మే, మైట్, మస్ట్, షల్, షుడ్, విల్, వుడ్. వీటి గురించి ఇక్కడ రెండు ముక్కలే చెబుతాను. ఒకటి, వీటి తర్వాత వర్బ్ మామూలు రూపంలోనే ఉంటుంది, "టు" రాదు, "ఎస్" చేరదు. రెండు, ఒక మోడల్ పక్కన ఇంకో మోడల్ రాదు. "ఐ విల్ కెన్ డూ" అనరు, "ఐ విల్ బీ ఏబుల్ టు డూ" అంటారు. అలాగే "ఐ కెన్ ఏబుల్ టు డూ" అని మన దగ్గర చాలామంది అంటారు, అది కూడా మానేయండి. కెన్ అంటేనే చేయగలను అని అర్థం వచ్చేసింది, మళ్లీ ఏబుల్ ఎందుకు?

మొదట ఎముకలు, తర్వాత కండ

నేను పిల్లలతో చేయించే పద్ధతి ఇది. యాడ్‌వర్బ్‌ను ముందు పక్కన పెట్టేయండి. ఒట్టి వాక్యం చెప్పండి. ఉదాహరణకు "మా నాన్న రేపు బహుశా మార్కెట్‌కు మిర్చి తీసుకపోతడు" అని చెప్పాలి అనుకుందాం. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఇది రోజూ ఇంట్లో వినే మాటే. ఇందులోంచి రేపు, బహుశా తీసేస్తే మిగిలేది: "మై ఫాదర్ విల్ టేక్ ద చిల్లీస్ టు ద మార్కెట్." ఇది నోటికి వచ్చాక విల్‌కూ టేక్‌కూ మధ్య ప్రాబబ్లీ పెట్టండి: "మై ఫాదర్ విల్ ప్రాబబ్లీ టేక్ ద చిల్లీస్ టు ద మార్కెట్." ఇక రేపు మిగిలింది. అది చివరికి పోతుంది: "మై ఫాదర్ విల్ ప్రాబబ్లీ టేక్ ద చిల్లీస్ టు ద మార్కెట్ టుమారో." మూడు సార్లు చెప్పాల్సి వస్తుంది, మొదట్లో నత్తనడకలా అనిపిస్తుంది, కానీ రెండు వారాలు ఇలా చేస్తే ఆ మధ్య సీటు ఎక్కడుందో నాలుకకే తెలిసిపోతుంది.

మెసేజ్ పంపిన అబ్బాయి వాక్యానికి కూడా ఇదే. ఒట్టి వాక్యం "ఐ విల్ కమ్", మధ్యలో డెఫినెట్లీ, చివర టుమారో. "ఐ విల్ డెఫినెట్లీ కమ్ టుమారో."

ఏ యాడ్‌వర్బులు ఈ మధ్య సీటుకు వస్తాయి? ఎంత నమ్మకంగా చెబుతున్నామో తెలిపేవి: ప్రాబబ్లీ, డెఫినెట్లీ, సర్టెన్లీ, పాసిబ్లీ. ఎన్నిసార్లు అన్నది తెలిపేవి: ఆల్వేస్, నెవర్, ఆఫెన్, యూజువల్లీ. ఇంకా చిన్న చిన్న మాటలు: ఆల్సో, స్టిల్, జస్ట్, ఈవెన్, ఓన్లీ, సూన్. ఇవన్నీ అక్కడే హాయిగా కూర్చుంటాయి.

రామప్ప గుడి దగ్గర బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లతో మాట్లాడాల్సి వచ్చిందనుకోండి. 13వ శతాబ్దంలో కట్టిన ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది కాబట్టి పాలంపేటలో ఆ అవసరం ఎవరికైనా పడవచ్చు. అక్కడ పనికొచ్చే వాక్యాలు ఇలా ఉంటాయి. "యూ కెన్ స్టిల్ సీ ద ఫైన్ కార్వింగ్స్", అంటే ఇన్నేళ్లయినా ఆ సన్నటి చెక్కడం ఇంకా కనపడుతుంది అని. "ద బ్రిక్స్ కెన్ యాక్చువల్లీ ఫ్లోట్ ఆన్ వాటర్", శిఖరానికి వాడిన ఇటుకలు నిజంగానే నీళ్ల మీద తేలతాయి అని. "యూ కెన్ ఆల్సో విజిట్ ద లేక్", పక్కనే ఉన్న చెరువు కూడా చూడొచ్చు అని. మూడింటిలోనూ కెన్ పక్కనే యాడ్‌వర్బ్, ఆ తర్వాతే వర్బ్.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. "యూ రియల్లీ షుడ్ సీ రామప్ప" అన్నా తప్పు కాదు. ఇంగ్లిష్ వాళ్లే గట్టిగా నొక్కి చెప్పాలనుకున్నప్పుడు యాడ్‌వర్బ్‌ను మోడల్ ముందుకు తెస్తారు, అప్పుడు షుడ్‌ను ఒత్తి పలుకుతారు. కాబట్టి "డెఫినెట్లీ విల్" అని ఎవరైనా అంటే ఎర్ర పెన్నుతో కొట్టేయకండి. మెసేజ్‌లో అసలు తప్పు నడిమిట్లో కూర్చున్న టుమారోది. ఒక చోట మాత్రం ముందుకు రావడం తప్పనిసరి, పొట్టి జవాబుల్లో. "విల్ యూ హెల్ప్ మీ?" అంటే "యెస్, ఐ సర్టెన్లీ విల్." ఇక్కడ విల్ తర్వాత వర్బ్ లేదు, అంటే మధ్య సీటే లేదు, అందుకని సర్టెన్లీ విల్ ముందుకు జరిగింది.

ప్రశ్నలో అయితే మోడల్ మొదటికి వెళ్లిపోతుంది, ఆ తర్వాత మనిషి, ఆ తర్వాత యాడ్‌వర్బ్. "విల్ దిస్ బస్ ఆల్సో స్టాప్ ఎట్ ములుగు?" "కెన్ ఐ జస్ట్ ఆస్క్ వన్ థింగ్?" "విల్ హి ఎవర్ లిసెన్?" ఇందులో పెద్దగా గొడవ లేదు.

నాట్ వచ్చిందంటే జాగ్రత్త

అసలు సంగతి ఇక్కడుంది, కొంచెం ఓపికగా చదవండి. ఇంతవరకు యాడ్‌వర్బ్ అటూ ఇటూ అయితే వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుంది, అంతే, అర్థం పోదు. నాట్ చేరాక చోటు మారితే అర్థమే మారిపోతుంది.

నా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు వెళ్లాడు. ఏడాది తిరగక ముందే మానేసి వెళ్లిపోతావా అని అడిగారట. వీడు "పక్కా మానెయ్య సార్" అనుకుని "ఐ వోంట్ డెఫినెట్లీ లీవ్" అన్నాడు. వాళ్లకు వినపడింది ఏంటంటే, వెళ్లడం పక్కా కాదు, అంటే వెళ్లినా వెళ్లొచ్చు అని. అంటే ఏంటి నీ ఉద్దేశం అని మళ్లీ అడిగారు, వీడికి ఎందుకు అడుగుతున్నారో అర్థం కాలేదు, చెమటలు పట్టాయి. వాడు అనాల్సింది "ఐ డెఫినెట్లీ వోంట్ లీవ్." రెండు వాక్యాల్లోనూ పదాలు అవే, ఒక్క పదం కూడా తేడా లేదు. వాడు వచ్చి చెప్పిన రోజు నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే మధ్యలో పెట్టు, మధ్యలో పెట్టు అని చెప్పింది నేనే, నాట్ ఉన్నప్పుడు ఏం చేయాలో అప్పటికి ఇంకా చెప్పలేదు.

సూత్రం ఏంటంటే, నాట్ తన తర్వాత వచ్చే మాటను కాదంటుంది. డెఫినెట్లీ నాట్‌కు ముందుంటే "కాకపోవడం పక్కా". నాట్ తర్వాత ఉంటే "పక్కా అయితే కాదు". ఇది పట్టుకుంటే మిగతావన్నీ తేలిపోతాయి.

"ఐ రియల్లీ కాంట్ సే" అంటే నిజంగా చెప్పలేను, నన్ను అడగొద్దు. "ఐ కాంట్ రియల్లీ సే" అంటే అంత కచ్చితంగా చెప్పలేను లెండి అని మెత్తగా తప్పుకోవడం. "ఐ జస్ట్ కాంట్ గో" అంటే నావల్ల కానే కాదు. "ఐ కాంట్ జస్ట్ గో" అంటే ఊరికే అలా లేచి వెళ్లిపోలేను కదా, ఎవరికైనా చెప్పాలి, లేదా ఏదైనా తీసుకెళ్లాలి. ఇంట్లో పెళ్లి ఉండగా ఆఫీసులో సెలవు ఇవ్వకపోతే మొదటిది అనాలి, చుట్టాల ఇంటికి చేతులూపుకుంటూ వెళ్లలేం అని చెప్పాలంటే రెండోది. "హి కాంట్ ఆల్వేస్ కమ్ ఆన్ టైమ్" అంటే అన్నిసార్లూ టైముకు రాలేడు, అప్పుడప్పుడు ఆలస్యం అవుతుంది. ఇందులో ఆల్వేస్‌ను కాంట్ ముందుకు తెస్తే ఏ రోజూ రాలేడు అన్నట్టు అయిపోతుంది, ఆ అర్థానికైతే "హి కెన్ నెవర్ కమ్ ఆన్ టైమ్" అనడమే మంచిది.

స్టిల్‌ది ఇంకో కథ. "ఐ కెన్ స్టిల్ హియర్ యూ", ఇంకా వినపడుతోంది. "ఐ స్టిల్ కాంట్ హియర్ యూ", ఇప్పటికీ వినపడటం లేదు. నాట్ లేనప్పుడు కెన్ తర్వాత, నాట్ ఉన్నప్పుడు కాంట్ ముందు. కాజీపేట స్టేషన్‌లో నిలబడి ఫోన్ మాట్లాడే మనిషికి ఈ రెండూ రోజూ అవసరమే.

ప్రాబబ్లీ విషయంలో "హి ప్రాబబ్లీ వోంట్ కమ్" అనండి, లేదా నాట్‌ను విడదీసి "హి విల్ ప్రాబబ్లీ నాట్ కమ్" అనండి. రెండూ బాగుంటాయి. "హి వోంట్ ప్రాబబ్లీ కమ్" చెవికి ఇంపుగా ఉండదు. నెవర్, హార్డ్లీ లాంటి మాటల్లో నాట్ ముందే కలిసి ఉంది కాబట్టి వాటికి కాంట్ తగిలించకండి. "ఐ కెన్ నెవర్ ఫర్గెట్ ఇట్", "ఐ కెన్ హార్డ్లీ హియర్ యూ", అంతే.

హార్డ్లీ పేరు వచ్చింది కాబట్టి చెప్పేస్తాను, ఇది ఉద్యోగం అప్లికేషన్లలో కూడా నాకు కనపడుతున్న తప్పు. కష్టపడి పనిచేస్తాను అని రాయబోయి "ఐ విల్ హార్డ్లీ వర్క్" అని రాస్తున్నారు. లీ చేర్చితే యాడ్‌వర్బ్ అవుతుంది కదా అని అనుకుంటారు, స్కూల్లో అలాగే చెప్పారు. కానీ హార్డ్ తనంతట తానే యాడ్‌వర్బ్, హార్డ్లీ అంటే దాదాపు చేయను అని. మీరు రాసింది "నేను పని చేసేది అంతంత మాత్రమే" అని చదువుకుంటారు వాళ్లు. "ఐ విల్ వర్క్ హార్డ్." హార్డ్ చివర. ఈ ఒక్కటి ఎలాగైనా గుర్తుపెట్టుకోండి.

ఎలా చేశామో చెప్పే మాటలు

హార్డ్ చివరికి ఎందుకు పోయింది? పని ఎలా జరిగిందో చెప్పే యాడ్‌వర్బులు, అంటే ప్రాపర్లీ, కేర్‌ఫుల్లీ, క్లియర్లీ, స్లోలీ, వెల్ లాంటివి, సాధారణంగా వాక్యం చివర ఉంటాయి. "యూ షుడ్ డ్రై ద చిల్లీస్ ప్రాపర్లీ." మిర్చిని మంచిగ ఎండబెట్టాలి. మన వాళ్లు ఇక్కడ "యూ షుడ్ డ్రై ప్రాపర్లీ ద చిల్లీస్" అంటారు. వర్బ్‌కూ దాని ఆబ్జెక్ట్‌కూ మధ్య ఎవరినీ రానివ్వద్దు, ఇంగ్లిష్ అక్కడ అసలు ఒప్పుకోదు. కొన్ని మధ్య సీటుకు కూడా వస్తాయి, "యూ షుడ్ కేర్‌ఫుల్లీ రీడ్ ద పేపర్" అనొచ్చు, అనుమానంగా ఉంటే చివర పెట్టండి, చివర పెడితే తప్పు పోదు. ఎలా, ఎక్కడ, ఎప్పుడు మూడూ చివర చేరితే మామూలుగా ఆ వరసలోనే రాస్తారు: "షి మస్ట్ స్పీక్ క్లియర్లీ ఇన్ ద ఇంటర్వ్యూ టుమారో."

జరిగిపోయిన సంగతుల్లో మోడల్ తర్వాత హ్యావ్ వస్తుంది. అప్పుడు యాడ్‌వర్బ్ ఎక్కువగా మోడల్‌ను ఆనుకునే ఉంటుంది. "వి కుడ్ ఈజిలీ హ్యావ్ మిస్డ్ ద ట్రెయిన్", రైలు తప్పిపోయేదే. "ఐ వుడ్ నెవర్ హ్యావ్ గాన్", నేనైతే అస్సలు పోకపోదును. "ద బస్ మస్ట్ హ్యావ్ ఆల్రెడీ లెఫ్ట్" అని హ్యావ్ తర్వాత కూడా అంటారు, "మస్ట్ ఆల్రెడీ హ్యావ్ లెఫ్ట్" అని కూడా అంటారు, ఏదైనా పర్వాలేదు, దీని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

మోడల్‌కు తగ్గ యాడ్‌వర్బ్

చోటు సరిపోతే చాలదు, జోడీ కూడా కుదరాలి. రావచ్చు అన్న మాటను మనం రెండు రకాలుగా వాడతాం: వచ్చే అవకాశం ఉంది అని, వస్తే అభ్యంతరం లేదు అని. మే కూడా అంతే. "హి మే కమ్" అంటే అవకాశం, "యూ మే కమ్ ఇన్" అంటే అనుమతి. అవకాశం చెప్పేటప్పుడు నమ్మకం ఎంతుందో దాన్ని బట్టి జోడీ ఎంచుకోవాలి. పక్కా అయితే విల్ డెఫినెట్లీ. చాలావరకు వస్తాడు అనుకుంటే విల్ ప్రాబబ్లీ. వచ్చే సూచనలు బాగానే ఉన్నాయంటే మే వెల్, ఈ జోడీని మన వాళ్లు అసలు వాడరు, వాడి చూడండి, "ఇట్ మే వెల్ రెయిన్ టునైట్" ఎంత బాగుంటుందో. రావచ్చు రాకపోవచ్చు అంటే ఒట్టి మే, మైట్ చాలు. "హి మే డెఫినెట్లీ కమ్" అనకండి. ఒకే నోటితో ఏమో అని, పక్కా అని రెండూ ఎలా అంటారు?

మేబీ అన్నది ఒకే పదం, అది యాడ్‌వర్బ్, వాక్యం మొదట్లో ఉంటుంది: "మేబీ హి విల్ కమ్." మే, బీ రెండు పదాలైతే మోడల్, వర్బ్: "హి మే బీ ఎట్ హోమ్." రాసేటప్పుడు ఈ ఖాళీ చూసుకోండి. "మేబీ హి మే కమ్" అంటే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు.

ఓన్లీ దగ్గర మన తెలుగు బాగా బయటపడుతుంది. "మాత్రమే" మనకు తాను నొక్కే మాట వెనకాల వస్తుంది: నేను మాత్రమే, ఈ రోజు మాత్రమే. అందుకే "ఐ విల్ కమ్ టుడే ఓన్లీ" అంటుంటాం. మనలో మనకు అది అర్థమైపోతుంది, బయటివాళ్లకు వింతగా ఉంటుంది. "ఐ కెన్ ఓన్లీ కమ్ టుడే" అనండి, ఓన్లీ మధ్య సీటులో. ఇంకొకరు రాలేరు, నేనొక్కడినే రాగలను అనాలంటే అప్పుడు "ఓన్లీ ఐ కెన్ కమ్."

యాస గురించి చాలామంది అడుగుతారు, అందుకే చెబుతున్నాను. మీ ఇంగ్లిష్‌లో వరంగల్ యాస వినపడితే సిగ్గుపడాల్సిన పని లేదు. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని మనం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, ఇంట్లో మాట్లాడే భాషను చిన్నచూపు చూడొద్దన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. నోటి యాస ఎలా ఉన్నా ఎదుటివాడికి అర్థమవుతుంది, కానీ "వోంట్ డెఫినెట్లీ" అంటే మాత్రం మీరు అనని మాట వాడికి చేరుతుంది. కాబట్టి ఉచ్చారణ కోసం పడే తాపత్రయంలో సగం ఈ వరస మీద పెట్టండి.

రోజుకు ఐదు వాక్యాలు చాలు. పుస్తకంలోవి వద్దు, ఆ రోజు ఇంట్లో మీరు నిజంగా అన్న మాటలు తీసుకోండి, బహుశా, తప్పకుండా, ఎప్పుడూ, ఇంకా, అస్సలు అనే మాటలు ఉన్నవి. ముందు ఎముకలు, తర్వాత మధ్య సీటు, చివరికి ఎక్కడ, ఎప్పుడు. తర్వాత అదే వాక్యాన్ని నాట్‌తో తిప్పి చెప్పండి. గొంతెత్తి చెప్పండి, మనసులో చెప్పుకుంటే నోటికి రాదు. మొదటి రోజుకు నేనే ఐదు ఇస్తున్నాను, జవాబు చూడకుండా ప్రయత్నించండి: మా అమ్మ బహుశా రేపు సకినాలు చేస్తది. నేను నిన్ను ఎప్పుడూ మరచిపోలేను. ఈసారి మేడారం జాతరకు మేము పక్కా పోము. నాకు ఇంకా నీ మాట వినపడటం లేదు. నువ్వు ఊరికే అలా లేచి పోలేవు.

జవాబులు: "మై మదర్ విల్ ప్రాబబ్లీ మేక్ సకినాలు టుమారో." "ఐ కెన్ నెవర్ ఫర్గెట్ యూ." "వి డెఫినెట్లీ వోంట్ గో టు మేడారం జాతర దిస్ టైమ్." "ఐ స్టిల్ కాంట్ హియర్ యూ." "యూ కాంట్ జస్ట్ గెట్ అప్ అండ్ గో." మూడోది, ఐదోది తప్పుగా వస్తే నాట్ గురించి చెప్పిన భాగం ఇంకోసారి చదివి, రేపటి ఐదూ నాట్ ఉన్నవే రాసుకోండి.